చూడకుండా పట్టే పనితనం

పసిబిడ్డ మీద జరిగిన అఘాయిత్యాన్ని ఎవడో ఫోనులో తీశాడంటే ఆ నేరం ఆ రోజుతో ముగియదు. ఆ వీడియో ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిన ప్రతిసారీ ఆ బిడ్డకు మళ్లీ అవమానం. ఏళ్లు గడిచి, పెళ్లయి, పిల్లల్ని కన్నాక కూడా సంతలో ఎదురైన కొత్త మనిషి ముఖం చూసి ‘చూసుంటాడేమో’ అని బెదిరే బతుకు ఆమెది. దీన్ని ఆపడానికి పూనుకున్నవాళ్లకు మొదట్లోనే ఒక చిక్కు ఎదురైంది. ఆ దృశ్యాన్ని తీసేయాలంటే వెతకాలి. వెతకాలంటే ఎవరో ఒకరు చూడాలి. ఆ చూపే మళ్లీ గాయం. ఈ ముడిని విప్పడానికి హైదరాబాదులో, ఢిల్లీలో, ఇంగ్లండులో, అమెరికాలో కొందరు దాదాపు ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పనిని దగ్గరగా చూసినకొద్దీ నాకు వాళ్ల పనితనం మీద గౌరవం పెరుగుతోంది. వాళ్లు తయారుచేసిన ఏ పనిముట్టునైనా నేను ఒకే కొలతతో కొలుస్తాను: ఆ బిడ్డ మీద పడే చూపుల్ని అది ఎంతవరకు తగ్గించింది?

తెలుగు నేల మీద ఈ పని ప్రజ్వలతో మొదలైంది. 1996లో హైదరాబాదులోని మెహబూబ్‌కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు వీధిన పడ్డ ఆడవాళ్ల పిల్లల కోసం సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి ఒక చిన్న బడి పెట్టారు. అదే ప్రజ్వల అయింది. అక్రమ రవాణాకు గురైన ఆడపిల్లల్ని విడిపించడం, నీడనివ్వడం, చేతికో పని నేర్పడం దాని నిత్యకృత్యం. 2015 ఫిబ్రవరిలో సామూహిక అత్యాచారాల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతూ సునీతా కృష్ణన్ దాకా వచ్చాయి. ఆ మగవాళ్లు ముఖాలు దాచుకోలేదు, పైగా నవ్వుతున్నారు. ఆమె ఆ వీడియోల్లో బాధితురాళ్లు కనబడకుండా మసకచేసి, నేరగాళ్ల ముఖాలు మాత్రం తెలిసేలా ఉంచి, వీళ్లను గుర్తుపట్టమని లోకం ముందు పెట్టారు. దానికి బదులుగా ఆమె కారు మీద రాళ్లు పడ్డాయి.

అలా బయటపెట్టడం అందరూ అనుసరించదగ్గ దారి అని నేననను. మసకచేసినా వీడియో వీడియోనే, ఆ ఊరివాళ్లకు ఆనవాలు దొరకవచ్చు. కానీ ఆ కత్తిరింపులో ఒక ఆలోచన ఉంది. అంతవరకు లోకం చూపు బాధితురాలి మీద ఉండేది, ఆమె దాన్ని నేరగాడి మీదికి తిప్పారు. అక్కడితో ఆగకుండా ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్. దత్తుకు ఉత్తరం రాసి, వీడియోలను పెన్ డ్రైవ్‌లో జతచేసి పంపారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించింది. నాలుగు మాటలు ఆవేశంగా రాసి ఊరుకునే ఉత్తరాలకూ దీనికీ తేడా అక్కడుంది: ఆమె అడిగింది ఒక వీడియోలోని దోషుల్ని పట్టుకోవడం ఒక్కటే కాదు, ఇలాంటివి ఎక్కడైనా కనబడితే ఎవరికి చెప్పాలో, చెప్పాక ఏం జరగాలో తేల్చే ఏర్పాటు కావాలని.

జస్టిస్ మదన్ బి. లోకుర్, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం 2017 మార్చిలో ఒక కమిటీ వేసింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖలో అప్పటి అదనపు కార్యదర్శి అజయ్ కుమార్ దానికి అధ్యక్షుడు. గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, యాహూ, వాట్సాప్‌లను కూడా చర్చకు పిలిచారు. ప్రజ్వల తరఫున వాదించిన అపర్ణా భట్, కోర్టుకు సహాయకురాలిగా నిలిచిన ఎన్.ఎస్. నప్పినై కూడా ఆ బల్ల దగ్గర కూర్చున్నారు. కమిటీ నివేదికలో నాకు బాగా నచ్చింది దాని కూర్పు. అందరూ ఒప్పుకున్న సిఫార్సుల్ని ఒక భాగంలో, ఒప్పుకోనివాటిని వేరే భాగంలో పెట్టారు. తగవు తెగని విషయాల కోసం తెగిన విషయాల్ని ఆపలేదు. 2017 అక్టోబర్ 23 నాటి ఉత్తర్వులో కోర్టు ఒప్పుకున్న భాగాన్ని అమలు చేయమంది. కంపెనీలు జాగు చేస్తే 2018 మేలో ఒక్కొక్కదానికి లక్ష రూపాయల జరిమానా వేసింది. ఆ కంపెనీలకు లక్ష లెక్కలోది కాదు, అయినా కోర్టు కనిపెట్టుకుని ఉందని వాటికి తెలిసింది.

ఒప్పుకున్నవాటిలో ఒక చిన్న సిఫార్సు ఉంది. పిల్లల మీద జరిగిన హింస దృశ్యాల కోసం జనం ఏయే మాటలు కొట్టి వెతుకుతారో ఆ మాటల జాబితాను సెర్చ్ ఇంజన్లు పెంచాలి, భారతీయ భాషల మాటల్ని కూడా అందులో చేర్చాలి. ఇంగ్లీషు మాటకు కట్టిన గట్టు తెలుగు మాటను ఆపదు. మనవాళ్లు తెలుగును తెలుగు లిపిలోనే కాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొడతారు, ఒకే మాటను పది రకాలుగా రాస్తారు. ఆ మాటల్ని ఏరడానికి కూర్చునే మనిషికి భాష రావాలి, బూతు తెలియాలి, పల్లె యాస తెలియాలి, కడుపులో తిప్పినా ఓర్చుకోవాలి. ఎవరూ పేరు పెట్టి పొగడని పని ఇది. నిఘంటువు చేసేవాళ్లకు ఇచ్చే గౌరవం వీళ్లకూ ఇవ్వాలనిపిస్తుంది నాకు.

ఆ కేసు ఫలితంగా 2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోంశాఖ సైబర్ నేరాల పోర్టల్‌ను ప్రారంభించింది. మొదట అది పిల్లల మీద లైంగిక హింస, అత్యాచార దృశ్యాల గురించి చెప్పడానికే పెట్టింది. 2019 ఆగస్టు 30 నుంచి మిగతా సైబర్ నేరాలకూ తెరిచారు. ఇందులోనూ చూడాల్సిన నగిషీ ఒకటుంది. డబ్బు మోసం గురించి ఫిర్యాదు చేయాలంటే పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి. ఆడవాళ్లు, పిల్లల విభాగంలో మాత్రం పేరు చెప్పకుండా రాయవచ్చు. అలా రాసినవాళ్లకు తర్వాత ఏమైందో పోర్టల్‌లో చూసుకునే వీలుండదు, అది దాని లోటు. ఆ లోటు తెలిసే దాన్ని అలా చేశారు. గ్రూపులో వీడియో పడింది, పెట్టినవాడు ఊరి పెద్ద కొడుకు. చెబితే తన పేరు బయటికొస్తుందని భయపడే కూలీ మనిషికి ఆ పేరులేని ఫారమే దారి. అయితే పోర్టల్ తర్వాత ప్రచారంలోకి వచ్చిన 1930 నంబరు డబ్బు పోయినప్పటిది. పల్లెల్లో చాలామందికి సైబర్ నేరమంటే ఆ ఒక్క నంబరే తెలుసు. బిడ్డకు ఆపద అంటే 1098 అని అంతే గట్టిగా చెప్పి ఉండాల్సింది.

ఇక పనితనమంతా కుప్పపోసిన చోటికి వద్దాం. 2009లో మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కళాశాలలోని హనీ ఫరీద్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి ఫొటోడీఎన్ఏ అనే సాధనాన్ని తయారుచేసింది. దాని పని తీరు ఇది. ముందు ఫొటోలోని రంగుల్ని తీసేసి నలుపు తెలుపు చేస్తుంది. ఎంత పెద్దదైనా ఒకే చిన్న కొలతకు కుదిస్తుంది. దాన్ని గళ్లుగా విడగొడుతుంది. ప్రతి గడిలోనూ వెలుగు ఎటు నుంచి ఎటు తగ్గుతోంది, ఎంత వేగంగా తగ్గుతోంది అని కొలుస్తుంది. చివరికి ఫొటో ఉండదు, 144 అంకెలు మిగులుతాయి. ఆ అంకెల వరసనే హ్యాష్ అంటారు. ఒక ఫొటో ఫలానా బిడ్డ మీద జరిగిన హింసేనని ఎవరో ఒకసారి నిర్ధారించి ఆ అంకెల్ని పట్టికలోకి ఎక్కిస్తే చాలు. లోకంలో ఎక్కడ ఎవడు దాన్ని మళ్లీ ఎక్కించబోయినా యంత్రం అంకెల్ని అంకెలతో పోల్చి పట్టేస్తుంది. రెండో మనిషి చూడనక్కరలేదు.

గళ్లు, వెలుగు కొలతలు ఎందుకంటే, మామూలు కంప్యూటర్ గుర్తు చాలా పెళుసు. ఫొటోలో ఒక్క చుక్క మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. దొంగ ఫొటోను కొంచెం కుదించినా, రంగు మార్చినా, మూలన ఏదో అక్షరం రాసినా తప్పించుకుంటాడు. ఫొటోడీఎన్ఏ అక్షరాలా అదే ఫొటోనా అని అడగదు, అదే పోలికా అని అడుగుతుంది. రెండు మందలు కలిసిపోయినప్పుడు గొర్రె ఉన్ని కత్తిరించి ఉన్నా, దుమ్ము కొట్టుకుని ఉన్నా కాపరి నడక చూసి తన దాన్ని బయటికి లాగినట్టు. అంతకన్నా గొప్ప సంగతి, ఆ 144 అంకెల పట్టికను ఎవరి ముందు పెట్టినా కంటికి ఏ బిడ్డా కనబడదు. పోలీసుల నుంచి కంపెనీకి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఆ పట్టిక ప్రయాణించగలదు. బిడ్డ ముఖం ప్రయాణించదు. మైక్రోసాఫ్ట్ ఈ సాధనాన్ని అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ అనే సంస్థకు ఉచితంగా ఇచ్చింది. తప్పిపోయిన పిల్లల కోసం 1984లో పుట్టిన ఆ సంస్థ 1998 నుంచి ఇలాంటి దృశ్యాల మీద ఫిర్యాదులు తీసుకుంటోంది. అమెరికా కంపెనీలు తమకు తెలిసిన ప్రతి దృశ్యాన్నీ దానికి చెప్పి తీరాలని అక్కడి చట్టం. 2019 ఏప్రిల్ 26న మన జాతీయ నేర గణాంక సంస్థ ఎన్‌సీఎంఈసీతో ఒప్పందం చేసుకుంది. అప్పటి నుంచి మన దేశానికి సంబంధించిన సమాచారం ఢిల్లీకి వచ్చి, రాష్ట్రాల పోలీసులకు చేరుతోంది. ఆ ఒక్క ఏడాదే భారతదేశం వైపు వేలు చూపించిన నివేదికలు 19 లక్షల 87 వేలకు పైగా ఉన్నాయి.

ఆ అంకె చూసి గుండె ఆగిపోనక్కరలేదు, తేలిగ్గా తీసుకోనూ కూడదు. ఇక్కడ ఫేస్‌బుక్ 2021లో బయటపెట్టిన ఒక లెక్క చాలా విప్పి చెబుతుంది. 2020 అక్టోబర్, నవంబర్ నెలల్లో ఆ సంస్థ ఎన్‌సీఎంఈసీకి నివేదించిన దృశ్యాల్లో సగానికి పైగా కేవలం ఆరు వీడియోల నకళ్లు. ఆరంటే ఆరు! పంపినవాళ్లలో 150 ఖాతాలను పరిశీలిస్తే మూడొంతులకు పైగా మందిలో బిడ్డకు హాని చేయాలన్న ఉద్దేశం కనబడలేదు. కోపంతో పంపారు, తెలివితక్కువ వేళాకోళంగా పంపారు. ‘వీణ్ణి పట్టించండి, పట్టుబడేదాకా షేర్ చేయండి’ అని రాసి పంపే మంచివాళ్లు మన గ్రూపుల్లో తక్కువేం లేరు. వాళ్ల కోపం నిజమే, కానీ ఆ ప్రతి ఫార్వర్డూ బిడ్డ మీద ఇంకో వంద చూపులు. ఆరు వీడియోలే లక్షలై తిరుగుతున్నప్పుడు, ఒక్కొక్కదాన్నీ ఒక్కసారి గుర్తుపెట్టుకునే సాధనం ఎంత బరువు మోస్తోందో ఆలోచించండి.

ఆ ‘ఒక్కసారి’ చూసే మనుషుల గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర 1996 నుంచి పనిచేస్తున్న ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్‌లో విశ్లేషకులనే ఉద్యోగులుంటారు. లింకు వస్తే తెరిచి, చూసి, అది చట్టవిరుద్ధమా కాదా, ఎంత తీవ్రమైనది, బిడ్డ వయసు ఎంత ఉండవచ్చు అని రాసి పెట్టడమే వాళ్ల పని. వాళ్లు పనిచేసే గదిలోకి మిగతా సిబ్బందికి ప్రవేశం లేదు. మానసిక నిపుణుడితో మాట్లాడటం వాళ్లకు ఐచ్ఛికం కాదు, తప్పనిసరి. ఈ నియమాల్ని నేను దయగా చూడను, పనిలో భాగంగా చూస్తాను. అలసిన కన్ను తప్పు చేస్తుంది. అక్కడ తప్పంటే ఒక బిడ్డ ఫొటో వదిలేయడమో, ఒక అమాయకుడి ఇంటికి పోలీసుల్ని పంపడమో. ఆ రెండోది ఊహ కాదు. డాక్టరుకు చూపించడానికని కొడుకు ఒంటి మీది వాపును ఫొటో తీసి పంపిన అమెరికా తండ్రి ఒకణ్ణి గూగుల్ యంత్రం నేరగాడిగా గుర్తించింది. పోలీసులు విచారించి అతనిలో తప్పేమీ లేదన్నారు, ఆ సంగతి 2022లో పత్రికలకెక్కింది. అది పాత ఫొటోల పట్టికతో పోల్చడంలో వచ్చిన పొరపాటు కాదు, కొత్త ఫొటోను యంత్రమే అంచనా వేయడంలో వచ్చింది. శిక్షణ పొందిన మనిషి కంటికి ఇంకా బదులు దొరకలేదు.

పాత పట్టికకు కూడా ఒక పెద్ద పరిమితి ఉంది. ఇంతకుముందు ఎవరూ చూడని దృశ్యం పట్టికలో ఉండదు. ఇప్పుడు కృత్రిమ మేధ కొత్త దృశ్యాల్ని క్షణాల్లో వండుతోంది. చీకటి వెబ్‌లోని ఒకే ఒక్క వేదిక మీద ఒక నెలలో యంత్రాలు తయారుచేసిన బొమ్మలు 20,254 కనబడ్డాయని ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ 2023 అక్టోబర్‌లో చెప్పింది. అవన్నీ నేరపూరితమైనవి కావు, కానీ వాటిని విడదీయడానికి మళ్లీ ఆ గదిలోని మనుషులే కూర్చోవాలి.

అదే సంస్థ చెప్పిన ఇంకో లెక్క నన్ను ఆలూరు వైపు చూసేలా చేసింది. 2023లో వాళ్లు నిర్ధారించిన వెబ్ పేజీలు 2,75,652. వాటిలో 92 శాతం పేజీల్లోని దృశ్యాల్లో బిడ్డతో పాటు గదిలో నేరగాడు లేడు. ఎన్నో చోట్ల అవతల ఫోను నుంచి ముద్దుగా మాట్లాడో, మభ్యపెట్టో, బెదిరించో బిడ్డ చేతే కెమెరా ముందు చేయించాడు. అంటే వాడు ఇంటికి రానక్కరలేదు. ఫోనుంటే చాలు, పెద్దవాళ్లు పక్కన లేకపోతే చాలు.

ఆలూరు కర్నూలు జిల్లా పడమటి వైపున, బళ్లారికి దగ్గరగా ఉన్న మెట్ట ప్రాంతం. వానను నమ్ముకున్న వేరుశనగ, పత్తి. వాన మొహం చాటేసిన ఏడాది ఆలూరు, ఆదోని, కోసిగి పల్లెలు సుగ్గికి వలస బయల్దేరతాయి. గుంటూరు, పల్నాడు మిరప చేలకు కాయ కోతకు కొందరు, బెంగళూరు కట్టడాల పనికి కొందరు. ఇంటికి తాళాలేసి పిల్లాపాపలతో పోయేవాళ్లు పోగా, చదువు పోతుందని పిల్లల్ని అవ్వాతాతల దగ్గర వదిలేవాళ్లు చాలామంది. అలాంటి పిల్లల కోసం సర్కారు సీజనల్ హాస్టళ్లు నడిపింది. ఇంట్లో మిగిలే ఫోను ఆ నెలల్లో అమ్మానాన్నల గొంతు. రాత్రి పూట వీడియో కాల్‌లో అమ్మ ముఖం కనబడేది అందులోనే. దాన్ని బిడ్డ చేతి నుంచి లాగేసుకోమని పట్నంలో కూర్చుని సలహా ఇవ్వడం నాకు చేతకాదు. అవ్వకు ఫోను ఎత్తడం, పెట్టడం తప్ప ఇంకేమీ తెలియదు. నేరగాడికి కావాల్సిన రెండూ, బిడ్డ చేతిలో ఫోను, పక్కన లేని పెద్దలు, ఇక్కడ వానలు లేక సిద్ధమయ్యాయి.

ఇలాంటి చోట పనికొచ్చే సాధనాల్లో ఎన్‌సీఎంఈసీ 2022 డిసెంబర్‌లో మొదలుపెట్టిన టేక్ ఇట్ డౌన్‌ను ముందు చెబుతాను. తన నగ్న ఫొటో ఎవడి దగ్గరో ఉందని, వాడు పెడతానని బెదిరిస్తున్నాడని కుమిలిపోయే బిడ్డ కోసం చేసింది ఇది. బిడ్డ ఆ ఫొటోను ఎంచుకుంటే ఆ ఫోనులోనే హ్యాష్ తయారవుతుంది. ఆ అంకెలు మాత్రమే బయటికి పోతాయి, ఫొటో ఫోను దాటదు. పేరు చెప్పనక్కరలేదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి ఒప్పుకున్న వేదికలు ఆ అంకెలతో పోల్చి తీసేస్తాయి. సిగ్గుతో చచ్చిపోతున్న పిల్లను ‘ఏదీ ఆ ఫొటో చూపించు’ అని ఒక్కరూ అడగరు. నేను చెప్పిన కొలతకు ఇంతకన్నా చక్కగా సరిపోయే పనిముట్టు నాకు కనబడలేదు.

మిగిలిన పని మనుషులది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులు ఉన్నారు. ఈ గొలుసు మొత్తంలో అవ్వ ఇంటి గడప తొక్కగలిగేది ఆమె ఒక్కతే. ఎవరైనా వచ్చి ‘మా వాట్సాప్‌లో ఇట్లాంటిది వచ్చిందమ్మా’ అంటే ‘నాకు పంపు, చూస్తాను’ అనకపోవడమే ఆమె చూపగల మొదటి నేర్పు. పంపితే ఇంకో ఫోనులోకి ఎక్కుతుంది, ఇంకో చూపు. పంపిన నంబరు, గ్రూపు పేరు, వచ్చిన తేదీ, వేళ రాసుకుని, ఆ ఫోను నుంచే పోర్టల్‌లో ఫిర్యాదు చేయించాలి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 15వ సెక్షన్ ప్రకారం అలాంటి దృశ్యాన్ని ఇతరులకు పంపే ఉద్దేశంతో, తీసేయకుండా, ఫిర్యాదు చేయకుండా అట్టిపెట్టుకోవడం నేరమే. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలాల ధర్మాసనం ఈ సంగతిని గట్టిగా చెప్పి, అంతకుముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన సడలింపును కొట్టేసింది.

బిడ్డే బాధితురాలైతే చట్టం ఇంకా సున్నితంగా నడుస్తుంది, దాన్ని రాసినవాళ్ల పనితనాన్ని కూడా మెచ్చుకుని తీరాలి. 24వ సెక్షన్ ప్రకారం బిడ్డను స్టేషనుకు పిలిపించనక్కరలేదు. ఆమె ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. కోర్టులో మళ్లీ మళ్లీ పిలిచి అదే కథ చెప్పించకూడదని 33వ సెక్షన్. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు ఆమె కంటపడకూడదని 36వ సెక్షన్. హ్యాష్ ఫొటోకు చేసిన మేలును ఈ సెక్షన్లు మాటకు చేస్తున్నాయి: ఒక్కసారి చెబితే చాలు.

26వ సెక్షన్‌లో వాంగ్మూలమప్పుడు తల్లిదండ్రులు పక్కనుండాలని రాసి, దాని పక్కనే ‘లేదా బిడ్డకు నమ్మకమున్న మరొకరు’ అన్న భావాన్ని చేర్చారు. ఆ చిన్న చేర్పు లేకపోతే ఆలూరు బిడ్డ అమ్మానాన్నలు కాయ కోత ముగించుకుని వచ్చేదాకా కేసు ఆగిపోయేది. ఇప్పుడు అవ్వ కూర్చోవచ్చు, హాస్టల్ వార్డెన్ కూర్చోవచ్చు, బిడ్డ నమ్మిన టీచరమ్మ కూర్చోవచ్చు. ఈ సరిహద్దు పల్లెల్లో కొన్ని ఇళ్లలో మాట్లాడేది కన్నడం. బిడ్డకు తెలుగులో చెప్పడం రాకపోతే పోలీసులు దుభాషి సాయం తీసుకోవచ్చని అదే సెక్షన్ చెబుతుంది.